కడగడం: సున్నా

గత నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం, భోజనాలు ముగిశాక, మా అమ్మాయి శ్రావణి ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది. దానికి పందొమ్మిదేళ్ళు. రాజమండ్రిలో మా ఇంటి నుంచి ఇరవై రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇంజనీరింగ్ కాలేజీకి బస్సులో వెళ్ళి వస్తూ ఉంటుంది. వాళ్ళ మేనమామ అమ్మదలచిన పాత చిన్న కారును చవకగా తీసుకుంటానని మూడు నెలలుగా అడుగుతోంది. కొనడానికి కావలసిన సొమ్ము ట్యూషన్లు చెప్పి తనే కూడబెట్టింది కాబట్టి ఆ విషయంలో నేను కాదనడానికి వీల్లేకపోయింది. నేను పెట్టిన షరతు ఒక్కటే: కారు కొనడం ఒకనాటి ఖర్చు, నడపడం ప్రతినాటి ఖర్చు; నెలకు ఎంతవుతుందో పద్దులవారీగా వేసి చూపించు, మొత్తం నీ ట్యూషన్ల రాబడి దాటకుండా, అందులో తప్పు లేకుండా ఉంటే సరేనంటాను. ముప్పై నాలుగేళ్ళు యంత్రాల మధ్య పనిచేసిన మెకానికల్ ఇంజనీరును. లెక్క అడిగితే పిల్ల వెనక్కి తగ్గుతుందని లోలోపల ఆశపడ్డాను. కాలేజీకి వెళ్ళే దారిలో తొమ్మిది కిలోమీటర్లు కాలువ గట్టు మీద రోడ్డు. ఆ తొమ్మిది కిలోమీటర్ల గురించే నా భయమంతా. అది మాత్రం ఎవరికీ చెప్పలేదు.

లెక్క పద్ధతిగా ఉంది. పెట్రోలు, ఇన్సూరెన్సులో పన్నెండో వంతు, సర్వీసింగు, టైర్ల కోసం నెలనెలా తీసి ఉంచే సొమ్ము, పొల్యూషన్ సర్టిఫికెట్, కాలేజీ దగ్గర పార్కింగు. చివరి రెండు గడుల దగ్గర నా చూపు ఆగిపోయింది. బ్రేకులకు ఎదురుగా 'వచ్చే ఏడాది' అని ఉంది. కడగడానికి ఎదురుగా సున్నా.

"ఈ సున్నా ఏంటి?" అన్నాను.

"నీ మెథడే నాన్నా. కాలేజీ దగ్గర కాలువ రేవుంది. ట్రాక్టర్లవీ అక్కడే కడుగుతారు. పైసా ఖర్చు లేదు," అంటూ వెనక దాచిన చేతిని ముందుకు తెచ్చింది. ఆ చేతిలో నీలం అట్ట వేసిన రెండు వందల పేజీల నోటుపుస్తకం ఉంది. "మామ్మ ట్రంకు పెట్టెలో దొరికింది. నీకూ పద్దెనిమిదేళ్ళకే కారుందని ఎప్పుడూ చెప్పేదిగానీ, ఇలా లెక్కలు రాశావని చెప్పలేదు. హెడ్డింగులన్నీ ఇందులోంచే తీసుకున్నా."

మామ్మ అంటే మా అమ్మ. ఆవిడ పోయి అప్పటికి పద్నాలుగు నెలలు. ఆ పుస్తకం ఎప్పుడో పారేశామని నేను అనుకున్నాను. తెరవకుండానే దానిలోని ఏడో పేజీ ఎలా ఉంటుందో నాకు తెలుసు. నేను చేసిన రెండు తప్పులూ, నా చేతిరాతలోనే, నా కూతురికి పాఠంగా అందాయి.

ఆ పుస్తకం గురించి చెప్పాలంటే ముందు మా ఇంటి గురించి చెప్పాలి. ఆత్రేయపురానికి దగ్గరలో, కాలువ గట్టును ఆనుకుని, మాది రెండు గదుల పెంకుటిల్లు. నాకు పదకొండో ఏట నాన్న పోయారు. అమ్మ పూతరేకులు చేసి నన్నూ, ఇంటినీ నిలబెట్టుకుంది. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకు మంట. పలచటి బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డను కుండ వీపు మీద ఒక్కసారి లాగితే చుర్రుమని పొర లేచేది. మంట ఎక్కువైతే మాడిన గంజి వాసన, సరిగ్గా ఉంటే అప్పుడే వార్చిన అన్నం వాసన. ఆ వాసన తేడాను బట్టి అమ్మ పక్క గదిలోంచే "మంట తగ్గించరా" అనేది. మా ఇంట్లో ఫ్యాన్ ఉండేది కాదు, గాలికి రేకులు లేచిపోతాయని. తలుపు దబాలున వేయకూడదు, గట్టిగా నవ్వకూడదు, తుమ్ము వస్తే వాకిట్లోకి పరుగెత్తాలి. వేసవిలో కూడా మేము చెమటలు కక్కుతూ మెల్లగా మాట్లాడుకునేవాళ్ళం. మెల్లగా కదలడం, దేన్నీ కదిలించకుండా ఉండడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటైన భయం.

చేసిన రేకులను రాజమండ్రి దుకాణాలకు చేర్చడం మా అసలు సమస్య. బస్సు టాపు మీద వేస్తే పైన ఎవరో బియ్యం బస్తా పడేసేవారు. అద్దె జీపు వాడు గోతులు చూసుకునేవాడు కాదు. పది పెట్టెల్లో రెండు పొడి అయిపోయేవి. నేను పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో ఉండగా, మా ఊరి రైసు మిల్లు ఆయన కొత్త కారు కొని, పాలిపోయిన ఆకుపచ్చ రంగులో ఉన్న తన పాతది దాదాపు తుక్కు ధరకు ఇస్తానన్నారు. లైసెన్సు నాకు అప్పుడే వచ్చింది. అమ్మ చేతిగాజు ఒకటి అమ్మి కారు కొంది. వాకిట్లో కారు నిలబెట్టిన రోజునే నన్ను కూర్చోబెట్టి చెప్పింది.

"ఇదిగో సూర్యం, జీపుకీ బస్సుకీ కలిపి నెలకి ఐదొందలు పోతున్నాయి. ఇదీ ఐదొందల్లోనే నడవాలి. దాటిన నెల దీన్ని అమ్మేస్తాను. నాకు ముచ్చట్లు లేవు."

"దాటదమ్మా."

"మాటలొద్దు. రాసి చూపించు."

అలా పుట్టింది ఆ పుస్తకం. వారానికి రెండు మూడు తడవలు, రానూపోనూ యాభై కిలోమీటర్లు, నెలకు నాలుగు వందల ముప్పై. లీటరుకు పదకొండు కిలోమీటర్ల చొప్పున ముప్పై తొమ్మిది లీటర్లు; మూడు వందల ముప్పై రూపాయలు. ఇంజను తాగే ఆయిలుకు నలభై, పంక్చర్లకు పదిహేను, బ్యాటరీ నీళ్ళకు రెండు, టైర్లకు యాభై, ఇన్సూరెన్సుకు ఇరవై, బ్రేకు లైనింగుల కోసం తీసి ఉంచవలసినది నలభై. మొత్తం నాలుగు వందల తొంభై ఏడు. కడగడానికి మిగిలింది మూడు రూపాయలు. అందుకే అక్కడ సున్నా వేసి, పక్కన 'కాలువ రేవు' అని రాశాను. మా ఊళ్ళో ఎడ్లను, గేదెలను, సైకిళ్ళను, లారీలను అందరూ రేవులోనే కడుగుతారు. ఏటవాలు రేవులోకి బండిని నెమ్మదిగా దించి, ఇరుసు మునిగేదాకా నీళ్ళలో నిలిపి, పీచుతో రుద్ది పైకి తీసుకురావడం. అందులో తప్పుందని ఎవరికీ తోచదు.

ఆ ఆరు నెలలూ నేను భయంతోనే కారు నడిపాను. గుద్దుతానని కాదు, ఖర్చవుతుందని. ముందు భాగంలో టకటకమని ఏదైనా చప్పుడు వినిపిస్తే అది ఎన్ని రూపాయల చప్పుడో లెక్కవేసుకునేవాణ్ణి. క్లచ్చి తొక్కినప్పుడు కీచుమంటే దాన్ని పుస్తకంలో ఏ గడిలో ఇరికించాలా అని వెతుక్కునేవాణ్ణి. కారు పోతే జీపు. జీపు వస్తే మళ్ళీ పొడైన పెట్టెలు. రాత్రింబవళ్ళు కుండ ముందు కూర్చునే అమ్మ భుజం నొప్పి. అన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. ఆరో నెల చివర్లో పెట్రోలు లీటరుకు రూపాయి పెరిగింది. ముప్పై తొమ్మిది లీటర్లకు ముప్పై తొమ్మిది రూపాయలు. మొత్తం ఐదు వందల ముప్పై ఆరు అవుతుంది. పుస్తకం ముందు పెట్టుకుని ఒక సాయంత్రమంతా కూర్చున్నాను. పెట్రోలు తగ్గించలేను. ఆయిలు తగ్గిస్తే ఇంజను పట్టేస్తుంది. టైర్లు కళ్ళకు కనిపిస్తాయి, అమ్మ అడుగుతుంది. కళ్ళకు కనిపించనివి లైనింగులే. చక్రం లోపల డ్రమ్ముకు ఒరుసుకుని బండిని ఆపే, అరచేయంత పొడవున్న పట్టీలు. ఆ నలభైని అడ్డంగా కొట్టేశాను. అప్పటిదాకా లైనింగుల కోసం తీసి ఉంచినది కూడా వెనక టైరుకు మార్చేశాను. మొత్తం నాలుగు వందల తొంభై ఆరు. అమ్మ చూసి తల ఊపింది.

అంతకు వారం ముందే మా ఊరి మెకానిక్కు వెంకన్న మేస్త్రి చక్రం విప్పి చూశారు. "లైనింగులు రివెట్లదాకా వచ్చేశాయి బాబూ. ఇంకో నెల లాగుతాయేమోగానీ, లాగించకండి," అన్నారు.

"వచ్చే నెల వేయిద్దామండి మేస్త్రిగారూ."

"మీరు చదువుకుంటున్నోళ్ళు. నేను చెప్పాలేంటి? బండి నడవకపోతే ఇంటి దగ్గరుంటాది. ఆగకపోతే ఎక్కడుంటాదో మనకి తెలీదు."

ఈ మాట నేను అమ్మకు చెప్పలేదు.

వేసవిలో కట్టేసిన కాలువలకు నీళ్ళు వదిలి అప్పటికి నాలుగైదు రోజులు. ఎర్రనీళ్ళు నిండుగా పారుతున్నాయి. రావులపాలెం అవతల ఒక పెళ్ళివారు నలభై పెట్టెల పూతరేకులు చెప్పారు. అంత పెద్ద బేరం మాకు అంతవరకు రాలేదు. "పెళ్ళివారింటికి ఆ మట్టి కారేసుకుని వెళ్తామా, కడిగి తీసుకురా," అంది అమ్మ. పొద్దున్నే రేవులోకి దింపాను. నీళ్ళు ఎప్పటికన్నా ఒక జానెడు ఎక్కువున్నాయి. చక్రాలు సగానికి పైగా మునిగాయి. పావుగంట రుద్దాను. పైకి తెచ్చి ముప్పై ఎనిమిది పెట్టెలు వెనక సర్దాము. మిగిలిన రెండింటినీ అమ్మ ఒడిలో పెట్టుకుని నా ఎడమ పక్కన కూర్చుంది. కాలువ కూడా ఎడమ పక్కనే.

కాలువ నీళ్ళను తలుపులతో ఆపే లాకుల దాకా కిలోమీటరు. రేకులు కదులుతాయని అంతసేపూ ఎద్దుబండి కంటే కొంచెం వేగంగా పోనిచ్చాను. బ్రేకు తొక్కే అవసరమే రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది. రెండు మూడుసార్లు తొక్కితే లోపలి తడి ఆవిరైపోయేది. లాకుల దగ్గర గట్టు ఎత్తుగా ఉంటుంది. దాటగానే వాలు, వాలు చివర కాలువతోపాటు రోడ్డు కుడికి తిరుగుతుంది. వాలు మొదట్లో బ్రేకు తొక్కాను. పెడలు మామూలుగానే దిగింది, గట్టిగానే ఉంది. బండి మాత్రం నా కాలుతో ఏ సంబంధమూ లేనట్టు వేగం పుంజుకుంది. అరిగిన పట్టీకి, డ్రమ్ముకు మధ్య నీటిపొర. ఇప్పుడు దీన్ని సూత్రంగా రాయగలను. అప్పుడు నాకు తెలిసింది ఒక్కటే, తొక్కుతున్నాను, ఆగడం లేదు. హ్యాండు బ్రేకు లాగాను. అదీ ఆ తడిసిన డ్రమ్ములనే పట్టాలి. గేరు తగ్గించాలన్న ఆలోచన రాలేదు. మలుపు వచ్చింది. ఎర్రటి నీళ్ళు అద్దం నిండా కనిపించాయి. అమ్మ అరవలేదు. మా ఇంట్లో ఎవరికీ అరిచే అలవాటు లేదు.

వేసవిలో కాలువ పూడిక తీసిన మట్టిని కంట్రాక్టరు ఎత్తకుండా గట్టు వాలున కుప్పలుగా వదిలేశాడు. ఊరంతా అతన్ని తిట్టుకుంటూ ఉంది. కారు ఆ కుప్పల్లో ఒకదాని మీదకు ఎక్కి, మూతి దిగబడి, ఎడమకు ఒరిగి ఆగిపోయింది. ఇంజను ఆగిపోయాక నీళ్ళ చప్పుడు వినిపించింది. అమ్మ పక్క తలుపు కింద నేల లేదు. కుప్ప మట్టి మెత్తనిది. కారు అంగుళం అంగుళంగా కిందికి జారుతోందని నాకు అనిపించింది. నిజంగా జారిందో లేదో ఈనాటికీ తెలియదు.

"అమ్మా, కదలకు."

"పెట్టెలు పట్టుకో ముందు," అంది. గొంతు మామూలుగానే ఉంది. పెట్టెలు నాకిచ్చి, గేరు కడ్డీ మీదుగా నా వైపుకు పాకి, నా వెనకే బయటికి వచ్చింది. గట్టు మీదకు ఎక్కాక కూలబడింది. కుడి పాదం వాచి ఉంది. లాకుల దగ్గర నీళ్ళు చూసుకునే లస్కరు పరుగున వచ్చాడు. "ఏంటండీ ఇది, ఏమైందండీ?" అన్నాడు. అమ్మ నా ముఖంలోకి చూసింది. నేను, "గేదె అడ్డం వచ్చింది," అన్నాను.

ఆ అబద్ధం ఒక్క క్షణంలో పుట్టింది. దానికి తిండి పెట్టి పెంచింది మా అమ్మ. అదే మధ్యాహ్నం, ట్రాక్టరు మీద పెట్టెలు చేర్చి, పెళ్ళివారితో, "గేదె అడ్డమొచ్చిందండి, మావాడు దాన్ని తప్పించబోయి గట్టు దిగాడండి," అని చెప్పింది. ఏడాది తిరిగేసరికి అది సూడిగేదె అయింది. నా పెళ్ళిచూపుల్లోనూ చెప్పింది. శ్రావణికి అన్నం తినిపిస్తూ చెప్పింది. నోరు విప్పి కాదని చెప్పడానికి ఏనాడూ ధైర్యం చాలలేదు. ఒడిలో పెట్టెలతో అమ్మను నీళ్ళ అంచుదాకా తీసుకువెళ్ళింది నలభై రూపాయల కొట్టివేత అని ఒప్పుకోవాలి కదా.

ఆదివారం మధ్యాహ్నం, ఆ సున్నా ముందు కూర్చుని, ఇదంతా శ్రావణికి చెప్పాను. ఈ కాలపు కార్లకు ముందు చక్రాలకు డిస్కు బ్రేకులుంటాయని, నీళ్ళను తొందరగా విదిలించేస్తాయని, అయినా అరిగిన బ్రేకులను ఏడాది వాయిదా వేయడం ఏ కాలంలోనూ లెక్క కాదని కూడా చెప్పాను. అది ల్యాప్‌టాప్ వైపు చూడకుండా నా వైపే చూస్తూ వింది.

"అయితే గేదె లేదా?"

"లేదు."

"మామ్మ పక్కనే ఉంది కదా నాన్నా. ఆవిడకి తెలీదా లేదని?"

"ఒడిలో పెట్టెలున్నాయి. గడ్డం దాకా వచ్చాయి. ఆవిడకి రోడ్డు కనిపించలేదు." ఇన్నేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటూ వచ్చిన జవాబు అది.

శ్రావణి పుస్తకం తిరగేసింది. కారులో ఎన్ని పెట్టెలు పడతాయో మొదటి వారంలో నేనే కొలిచి గీసిన బొమ్మ అట్ట లోపలి వైపున ఉంది. దాని మీద వేలు పెట్టింది. "పెట్టె ఎత్తు ఐదంగుళాలని రాశావు. రెండు పెట్టెలంటే పదంగుళాలు. మామ్మ కూర్చుంటే గుండెల దాకా కూడా రావు."

నేను ఆ బొమ్మను దగ్గరికి లాక్కుని చూశాను. కొలతలు నావే. ఐదుకు ఐదు కలిపితే తేలిపోయే లెక్క. జీవితమంతా ఇతరుల డ్రాయింగుల్లో తప్పులు పట్టిన నేను, ఆ ఒక్క బొమ్మను ఎన్నడూ సరిచూడలేదు. అప్పుడు గుర్తొచ్చింది: పెళ్ళివారు డబ్బు ఇచ్చిన మర్నాడు, నేను అడగకుండానే అమ్మ నోట్లు నా జేబులో కుక్కి, "ముందు బ్రేకులు చూపించు," అంది. గేదె అడ్డం వస్తే బ్రేకులు ఎందుకు చూపించాలి? తల్లి మనసు కదా, జాగ్రత్త చెబుతోందని సరిపెట్టుకున్నాను. ఆ తర్వాత ఏ నెలా ఆవిడ లెక్క అడగలేదు. ఐదు వందలు దాటినా కారు అమ్మలేదు. అందుకే పుస్తకం ఏడో పేజీతో ఆగిపోయింది. ఆ పేజీ నా కొట్టివేతతో సహా ఆవిడ పట్టుచీరల కింద భద్రంగా ఉంది.

శ్రావణి ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కుని రెండు గడులు మార్చింది. కడగడానికి ఒక మొత్తం, బ్రేకులకు ఈ నెలలోనే పూర్తి ఖర్చు. అడుగున మొత్తం ఎర్రరంగులోకి మారింది. "లిమిట్ దాటిపోయింది నాన్నా," అంది చిన్న గొంతుతో. "ఇప్పుడు వద్దంటావా?"

వద్దని చెప్పడానికి అంతకంటే మంచి అవకాశం రాదు. నా భయం అదే కోరుకుంటోంది. లోపలికి వెళ్ళి, బీరువాలోంచి డబ్బు తెచ్చి శ్రావణి ముందు పెట్టాను. "ముందు బ్రేకులు చూపించు," అన్నాను.

పది రోజుల తర్వాత, కొత్త బ్రేకులు వేయించిన కారులో, నన్ను కాలేజీ దాకా తీసుకువెళ్తానంది. పొద్దున తొమ్మిది గంటలు. నేను ఎడమ సీట్లో కూర్చున్నాను. గట్టు రోడ్డు ఎక్కేటప్పటికి నా చొక్కా వీపుకు అంటుకుపోయింది. కాలువ నిండుగా ఉంది, ఎడమ పక్కన, చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా. ఇన్నేళ్ళలో ఏ కారులోనూ నేను ఆ వైపు కూర్చుని కాలువ గట్టు మీద ప్రయాణం చేయలేదని అప్పుడు గ్రహించాను. డ్రైవరుకు అద్దాలుంటాయి, గేర్లుంటాయి, చేతులకు పని ఉంటుంది. ఈ సీటుకు చూడడం తప్ప ఏ పనీ లేదు. రోడ్డంతా కనిపిస్తుంది.

ఒక వంతెన దాటగానే వాలు వచ్చింది, వాలు చివర మలుపు. నాకు తెలియకుండానే నా కుడికాలు ముందుకు చాచుకుని, ఏ పెడలూ లేని నేలను బలంగా తొక్కింది. మడమ దగ్గర నొప్పి పుట్టింది. లాకుల దగ్గర వాచిన అమ్మ పాదం కుడిదే. శ్రావణి అప్పటికే బ్రేకు తొక్కింది. కారు బుద్ధిగా వేగం తగ్గించుకుని, మలుపు తిరిగింది.

నా కాలు వంక ఓరగా చూసి, "ఏంటి నాన్నా, అలా తొక్కేస్తున్నావు? గేదె ఏమైనా కనబడిందా?" అంది.

"లేదమ్మా," అన్నాను. "రోడ్డు ఖాళీగానే ఉంది."